ఉపగ్రహాలుగా తేలిన గుర్తుతెలియని ఎగిరే వస్తువులు

ఆకాశంలో కనబడి, ఏమిటో చూసినవారికి అంతుబట్టక, ప్రభుత్వం దృష్టికి గాని సైన్యం దృష్టికి గాని వెళ్ళి, విచారణ జరిగిన మీదట కృత్రిమ ఉపగ్రహాలుగానో, వాటిని మోసుకువెళ్ళిన రాకెట్ల భాగాలుగానో నిర్ధారణ అయిన దృశ్యాలను గురించినది ఈ వ్యాసము. అమెరికా, సోవియట్ యూనియన్, ఫ్రాన్సు, బ్రిటన్ దేశాలు ఇటువంటి విచారణలను ఏళ్ళ తరబడి నడిపినవి. భారతదేశంలో ఇందుకోసం ప్రత్యేకించిన సంస్థ లేకపోయినా, సైన్యము, ఖగోళ శాస్త్రవేత్తలు, ఇస్రో, జిల్లా అధికారులు కలిసి నిగ్గు తేల్చిన సంఘటనలు కొన్ని ఉన్నవి. రాకెట్ ప్రయోగ కేంద్రమైన శ్రీహరికోటకు ఉత్తరాన, తీరం వెంబడి ఉన్న ప్రకాశం, గుంటూరు మైదానాలవారికి ఈ విషయము మరింత దగ్గరిది.

పేరు

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ విమాన చోదకుడు వాషింగ్టన్ రాష్ట్రంలో తొమ్మిది మెరిసే వస్తువులను చూశాడు. నీటి మీద విసిరిన సాసరు ఎగిరెగిరి పడినట్లు అవి కదిలాయని చెప్పాడు. అతడు చెప్పినది కదలికను గురించి. పత్రికలవారు దానిని ఆకారంగా మార్చి 'ఫ్లయింగ్ సాసర్' అన్నారు. అదే తెలుగు పత్రికలలో ఎగిరే పళ్ళెము అయినది. 'గుర్తుతెలియని ఎగిరే వస్తువు' అనే పేరును ఆ తరువాత అమెరికా వైమానిక దళము వాడుకలోకి తెచ్చినది. ఈ పేరులో గ్రహాంతరవాసుల ప్రసక్తి ఏమీ లేదు. చూసినవారు గుర్తించలేదు అన్నంతవరకే దాని అర్థము. అమెరికా ప్రభుత్వ పత్రాలలో ఇటీవల దీని స్థానంలో 'యు.ఏ.పి.' అనే పొడి అక్షరాలు వాడుతున్నారు.

ఉపగ్రహం కంటికి ఎలా కనబడుతుంది

ఉపగ్రహానికి స్వయంప్రకాశము లేదు. సూర్యకాంతి దాని మీద పడి మన వైపు పరావర్తనం చెందినపుడే కనబడుతుంది. నేల మీద చీకటి పడినా, 500 కిలోమీటర్ల ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. గుంటూరు అక్షాంశము సుమారు 16.3 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి, 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహము సూర్యాస్తమయమైన సుమారు గంటన్నర వరకు నడినెత్తిన కూడా ఎండలోనే ఉంటుంది. తెల్లవారుజామున కూడా ఇదే లెక్క. నడిరేయిన మాత్రము తక్కువ ఎత్తు ఉపగ్రహాలన్నీ భూమి నీడలో ఉండి కనబడవు. కనుక ఉపగ్రహాల మూలంగా కలిగే భ్రమలు మునిమాపు వేళ, వేకువ వేళ ఎక్కువ.

భూమి నీడకు సంబంధించినదే మరొక విశేషము. ఒక కాంతిబిందువు చప్పుడు లేకుండా ఆకాశం మధ్య వరకు నడిచివచ్చి, మబ్బు లేకుండానే, ఉన్నచోటనే ఆరిపోతుంది. చూసినవారు "దీపము ఆర్పుకొన్నది" అంటారు. నిజానికి అది భూమి నీడలోకి ప్రవేశించినది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 27,600 కిలోమీటర్ల వేగంతో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము ఆకాశాన్ని కొద్ది నిమిషాలలోనే దాటిపోతుంది. ఒక్కొక్కసారి శుక్రుని అంతటి కాంతితో వెలుగుతుంది. దానికి ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు ఉండవు, మిణుకుమనదు, చప్పుడు వినబడదు. విమానానికీ దానికీ తేడా ఇక్కడనే తెలుస్తుంది. పని ముగిసి కక్ష్యలో పల్టీలు కొట్టే రాకెట్ భాగాలు మాత్రము కొన్ని సెకండ్లకొకసారి వెలుగుతూ ఆరుతూ పోతాయి.

జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మిరప కల్లాల మీద కాయ ఎండుతూ ఉంటుంది. దొంగల భయానికి, అకాల వర్షం భయానికి రైతులు రాత్రులు కల్లాల దగ్గరే పడుకుంటారు. ఊరి దీపాలకు దూరంగా, ఆకాశం కింద, మునిమాపు నుండి వేగుచుక్క పొడిచే వరకు ఉండే మనుషులు వీరు. పిల్లలకోడి ఎప్పుడు నడినెత్తికి వస్తుందో, ఎప్పుడు వాలుతుందో ఎరిగినవారు. కొత్త చుక్క ఒకటి వాటి మధ్య నడిచిపోతే ముందుగా వీరికే కనబడుతుంది. తెలిసిన ఆకాశంలో తెలియనిది కనబడినదన్న అటువంటివారి మాటను తోసిపుచ్చకుండా పరీక్షించడమే ఈ విచారణల పని.

బ్లూ బుక్, జోండ్-4

అమెరికా వైమానిక దళము 1952లో ప్రాజెక్ట్ బ్లూ బుక్ అనే విచారణ విభాగాన్ని ఏర్పాటు చేసినది. అంతకుముందరి రెండు ప్రాజెక్టుల కాలాన్ని కూడా కలుపుకొని 1947 నుండి 1969 వరకు 12,618 నివేదికలను పరిశీలించినది. 701 మాత్రము గుర్తించబడకుండా మిగిలినవి. 1957లో స్పుత్నిక్ ప్రయోగంతో ఉపగ్రహాలు అనే కొత్త కారణము ఈ జాబితాలో చేరినది. 1960 ఆగస్టు 12న అమెరికా ప్రయోగించిన ఎకో-1 సుమారు 30 మీటర్ల వ్యాసం గల అల్యూమినియం పూత బుడగ. అది ప్రకాశవంతమైన నక్షత్రం వలె ప్రపంచమంతటా కనబడినది.

1966లో వైమానిక దళము ఈ విషయాన్ని స్వతంత్రంగా పరిశీలించవలసినదిగా కొలరాడో విశ్వవిద్యాలయాన్ని కోరినది. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ దానికి నాయకుడు. ఆ నివేదిక 1969 జనవరిలో వెలువడినది. అందులో విలియం హార్ట్‌మన్ అనే ఖగోళ శాస్త్రవేత్త రాసిన భాగము ఈ వ్యాస విషయానికి ఆయువుపట్టు వంటిది.

1968 మార్చి 3 రాత్రి అమెరికాలోని టెన్నెసీ, కెంటకీ, ఇండియానా, ఒహాయో, పెన్సిల్వేనియా ప్రాంతాలలో అనేకులు ఆకాశంలో వరుసగా సాగిపోయే నిప్పు ముద్దలను చూశారు. అవి ముందురోజు ప్రయోగించిన సోవియట్ జోండ్-4కు సంబంధించిన రాకెట్ భాగాలు, భూవాతావరణంలోకి తిరిగి ప్రవేశించి కాలిపోతున్నవి. వాటి దారి, కాలము లెక్కకు సరిపోయినవి. కనుక ఇక్కడ అసలు వస్తువు ఏమిటో ముందే తెలుసు. తెలియవలసినది సాక్షులు దానిని ఎలా వర్ణించారన్నది. శాస్త్రవేత్తలకు ఇటువంటి అవకాశము అరుదుగా దొరుకుతుంది. ప్రశ్నపత్రంతో పాటు సరియైన సమాధానము కూడా చేతిలో ఉన్నట్లన్నమాట.

చాలామంది ఉన్నది ఉన్నట్లు చెప్పారు: కొన్ని వెలుగులు, వెనుక తోకలు, ఒకే వేగము, ఒకే దిక్కు. కొందరు మాత్రము ఆ వెలుగులను కిటికీలుగా చూశారు. టెన్నెసీలో ముగ్గురు సాక్షులు చతురస్రపు కిటికీలు గల పొడవాటి వాహనాన్ని చూశామన్నారు. లోహపు రేకులు, వాటిని కలిపిన రివెట్లు కూడా కనబడినట్లు చెప్పారు. ఇండియానాలో కొందరు అది చెట్ల ఎత్తున పోయినదన్నారు. అసలు శకలాలు నూరు కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో ఉన్నవి. ఒహాయోలో ఒక ఉపాధ్యాయురాలు బైనాక్యులర్స్ పెట్టి చూసి, బోర్లించిన పళ్ళాల వంటి మూడు వస్తువులను వర్ణించినది. తన కుక్క భయంతో మూలిగినదని రాసినది. ఆమె చదువుకు గాని నిజాయితీకి గాని లోటు లేదు. చదువుకున్నవారు బాగా చూస్తారన్న మన నమ్మకానికి ఈ ఒక్క నివేదిక చాలు.

చీకటిలో కలిసి నడిచే వెలుగులు కనబడినపుడు మనసు వాటి మధ్యనున్న ఖాళీని నల్లని శరీరంతో నింపుతుంది. దీనికి హార్ట్‌మన్ 'గాలియోడ ప్రభావము' అని పేరు పెట్టాడు. ఆయన గమనించిన మరొకటి, ఉద్వేగంతో రాసిన నివేదికలే ఎక్కువ వివరంగా ఉండి విచారణకర్తలను ఎక్కువగా ఆకర్షిస్తాయన్నది. చప్పగా ఉన్న నివేదికలే ఎక్కువసార్లు సత్యానికి దగ్గరగా ఉన్నవి. బ్లూ బుక్ 1969 డిసెంబరులో మూతపడినది.

పెట్రోజావోద్స్క్ సంఘటన

1977 సెప్టెంబర్ 20 వేకువన నాలుగు గంటల ప్రాంతంలో సోవియట్ యూనియన్ వాయవ్య భాగంలోని పెట్రోజావోద్స్క్ నగరం మీద ఆకాశంలో పెద్ద వెలుగు లేచినది. అది జెల్లీ చేప ఆకారంలో విచ్చుకొని, కిరణాలు కిందికి జాలువారుతున్నట్లు కనబడినది. పక్క దేశమైన ఫిన్లాండు నుండి కూడా చూశారు. ప్రభుత్వ వార్తాసంస్థ టాస్ దీనిని ప్రకటించడము ఆనాటి పరిస్థితులలో అసాధారణమైన విషయము.

దాదాపు అదే సమయానికి ప్లెసెత్స్క్ కేంద్రం నుండి కాస్మోస్-955 ఉపగ్రహాన్ని ప్రయోగించారు. రాకెట్ వదిలే పొగ, ఆవిరి వందల కిలోమీటర్ల ఎత్తున, గాలి ఒత్తిడి దాదాపు లేని చోట, ఒక్కసారిగా విప్పారుతాయి. నేల మీద ఇంకా చీకటి. పైన మాత్రము సూర్యకాంతి వాటి మీద పడుతుంది. ఆ వేళ అదే జరిగినది. కాని ప్లెసెత్స్క్ కేంద్రం ఉనికిని సోవియట్ ప్రభుత్వము 1983 వరకు బహిరంగంగా ఒప్పుకోలేదు. కనుక నిజము తెలిసినవారు చెప్పడానికి వీలులేదు, చెప్పవలసిన శాస్త్రవేత్తలకు నిజము తెలియదు. ఈ సంధిలో ఎన్నో కథలు పుట్టినవి. దృశ్యాన్ని ఆ ప్రయోగంతో ముడిపెట్టి చూపినవారిలో అమెరికన్ అంతరిక్ష రచయిత జేమ్స్ ఓబర్గ్ ముఖ్యుడు.

ఈ సంఘటన తరువాత 1978లో సోవియట్ ప్రభుత్వము 'సెత్కా' అనే పరిశోధన కార్యక్రమాన్ని ప్రారంభించినది. సెత్కా అనగా వల. ఒక శాఖ విజ్ఞాన అకాడమీ కింద, మరొకటి రక్షణ శాఖ కింద పనిచేసినవి. సైనికులందరూ విచిత్ర దృశ్యాలను నివేదించవలెనని ఉత్తర్వులు వెళ్ళినవి. ప్రపంచంలో ఇంత పెద్ద పరిశీలక బృందము మరెవ్వరికీ లేదని చెప్పవచ్చును. సుమారు పదమూడేళ్ళు సాగిన ఈ కార్యక్రమంలో తొంభై శాతానికి పైగా దృశ్యాలు రాకెట్, క్షిపణి ప్రయోగాలుగా, ఎత్తైన బెలూన్లుగా తేలినవి.

శ్రీహరికోట

శ్రీహరికోట నుండి మొదటి రోహిణి రాకెట్టు 1971 అక్టోబర్ 9న ఎగిరినది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి 1979 ఆగస్టు 10న చేసిన మొదటి ఎస్.ఎల్.వి.-3 ప్రయత్నము విఫలమై, 1980 జూలై 18న రెండవది సఫలమైనది. 2002 నుండి ఈ కేంద్రాన్ని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రము అంటున్నారు. 2022 జిల్లాల విభజన వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది.

శ్రీహరికోట నుండి ఒంగోలు సూటిగా ఉత్తరాన దాదాపు 200 కిలోమీటర్లు, గుంటూరు దాదాపు 290 కిలోమీటర్లు. ఆకాశము నిర్మలంగా ఉన్న రాత్రి ప్రయోగము జరిగితే ఒంగోలు ప్రాంతంలో దక్షిణ దిక్కున ఎర్రటి వెలుగు లేచి, చేయి చాచి కొలిస్తే జానెడు ఎత్తులో పోతూ కనబడుతుంది. ఒక దశ ముగిసి మరొకటి అంటుకునేటపుడు వెలుగు తగ్గి మరల పుంజుకుంటుంది. తెలియనివారికి ఆగి బయలుదేరినట్లే ఉంటుంది. అర్ధరాత్రి ప్రయోగాలలో చెప్పుకోదగినది 2022 అక్టోబర్ 23న రాత్రి 12 గంటల 7 నిమిషాలకు 36 వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎగిరిన ఎల్.వి.ఎం.-3. సూర్యోదయానికి కొంచెము ముందు జరిగే ప్రయోగాలు, 2022 ఫిబ్రవరి 14న ఉదయం 5 గంటల 59 నిమిషాలకు జరిగిన పి.ఎస్.ఎల్.వి.-సి52 వంటివి, పెట్రోజావోద్స్క్ తరహా పొగవెలుగుకు అనువైన వేళలోనివి.

అయినా శ్రీహరికోట మరొక పెట్రోజావోద్స్క్ కాలేదు. కారణము స్పష్టము. ఇస్రో ప్రయోగ తేదీ, సమయము ముందుగా ప్రకటిస్తుంది. టీవీలలో ప్రత్యక్ష ప్రసారము వస్తుంది. సముద్రం మీదకు వెళ్ళవద్దని మత్స్యకారులకు హెచ్చరిక వెళుతుంది. వేటపాలెం, చీరాల, కొత్తపట్నం తీరాలలో చూసినవారు మరునాడు పత్రికలో కారణము చదువుకుంటారు. రహస్యము ఉన్నచోట కథ పెరిగినది, ప్రకటన ఉన్నచోట పెరగలేదు.

ఇదే తెలుగు నేల మీద 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రము స్కైలాబ్ కూలిపోతున్నదన్న వార్త కలిగించిన భయాన్ని పెద్దలు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ జూలై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ ప్రాంతంలోను పడినవి. దీని నేపథ్యంలో 2021లో 'స్కైలాబ్' అనే తెలుగు చలనచిత్రము వచ్చినది. అక్కడ వస్తువు ఏమిటో అందరికీ తెలుసు, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఎగిరే పళ్ళాల విషయంలో ఇది తలక్రిందులు.

ఫ్రాన్సు, బ్రిటన్

ఫ్రాన్సు జాతీయ అంతరిక్ష సంస్థ 1977లో జెపాన్ అనే విభాగాన్ని ప్రారంభించినది. 1988లో అది సెప్రాగా, 2005లో జైపాన్‌గా మారినది. సెప్రా పేరులోనే వాతావరణ పునఃప్రవేశాల పరిశీలన అనే మాట ఉండేది. 1990 నవంబర్ 5 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఫ్రాన్సును నైరుతి నుండి ఈశాన్యానికి దాటిన వెలుగుల గుంపును వేలమంది చూశారు. పెద్ద త్రికోణపు వాహనమని చాలామంది వర్ణించారు. అది సోవియట్ గొరిజాంత్ ఉపగ్రహాన్ని పంపిన ప్రోటాన్ రాకెట్ మూడవ దశ అని అధికారులు ప్రకటించారు. టెన్నెసీలో కనబడిన కిటికీలే ఇక్కడ త్రికోణపు మూలలైనవి. జైపాన్ తన దగ్గరకు వచ్చిన నివేదికలను పూర్తిగా వివరించబడినవి, బహుశా వివరించబడినవి, సమాచారము చాలనివి, సమాచారము ఉండీ వివరణ దొరకనివి అని నాలుగు తరగతులుగా చేసి బహిరంగంగా ఉంచుతుంది. మూడవ, నాల్గవ తరగతులను విడదీయడము చాలా మంచి పద్ధతి. 'తెలియలేదు' అన్న మాటకు రెండు అర్థాలున్నవని అది గుర్తుచేస్తుంది.

బ్రిటన్‌లో 1993 మార్చి 30-31 మధ్య రాత్రి కనబడిన వెలుగులు కాస్ఫర్డ్ సంఘటనగా ప్రసిద్ధి పొందినవి. సైనిక స్థావరాల కాపలాదారులు, పోలీసులు సాక్షులు కావడము వలన దీనికి ప్రాముఖ్యము వచ్చినది. ఒంటిగంట దాటిన తరువాత కనబడినవి రష్యా కాస్మోస్-2238 ఉపగ్రహాన్ని పంపిన రాకెట్ భాగము కాలిపోతుండగా వచ్చిన వెలుగులని తేలినది. రక్షణ శాఖ ఈ విభాగాన్ని 2009లో మూసివేసినది.

భారతదేశంలో

2012 ఆగస్టు నుండి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్‌లో చైనా సరిహద్దున ఉన్న సైనికులు దిఙ్మండలం మీదుగా లేచి, గంటల తరబడి నెమ్మదిగా కదిలే పసుపు వెలుగులను చూసినట్లు 329 సార్లు నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖను దాటినట్లు భావించారు. గూఢచర్య విమానాలేమోనన్న అనుమానము సహజమైనదే. పాంగాంగ్ సరస్సు ప్రాంతానికి రాడార్ తెచ్చి చూస్తే ఏమీ దొరకలేదు. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు సైనికులకు కోణాలు, సమయాలు ఎలా రాయవలెనో చెప్పి, వచ్చిన లెక్కలతో పోల్చి చూశారు. అవి గురు, శుక్ర గ్రహాలు. ఇవి ఉపగ్రహాలు కాకపోయినా, భారతదేశంలో నడిచిన అధికారిక విచారణలలో పద్ధతి దృష్ట్యా ఇది ముఖ్యమైనది. పొరుగు దేశంతో ఉద్రిక్తత ఉన్న సరిహద్దులో ఒక గ్రహాన్ని శత్రు విమానమని పొరబడడము చిన్న విషయము కాదు.

ఉపగ్రహ ప్రయోగానికి నేరుగా సంబంధించినది 2022 ఏప్రిల్ 2 నాటి సంఘటన. ఆనాడు శుభకృతు ఉగాది. సాయంత్రము ఏడున్నర దాటిన తరువాత మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ ప్రాంతాలలో నిప్పు చారలు ఆకాశాన్ని దాటుతూ కనబడినవి. తెలంగాణను ఆనుకొని, తెలుగువారు కూడా నివసించే చంద్రాపూర్ జిల్లాలోని సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల లోహపు వలయము పడినది. సమీప గ్రామంలో లోహపు గోళము దొరికినది. జిల్లా యంత్రాంగము వాటిని స్వాధీనము చేసుకొనగా, ఇస్రో బృందము వచ్చి పరిశీలించినది. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్ జెంగ్-3బి రాకెట్ మూడవ దశ సరిగా ఆ సమయానికే ఆ దారిన పునఃప్రవేశించవలసి ఉన్నదని ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డొవెల్ గుర్తించారు. చూసిన వెలుగు, పడిన వస్తువు, కక్ష్య లెక్క మూడూ కలిసిన సందర్భము ఇది.

తెలుగు రాష్ట్రాలలో ఈ తరహాలో అధికారులు వెళ్ళి చూసినవాటిలో వికారాబాద్ జిల్లా సంఘటన ప్రముఖము. 2022 డిసెంబర్ 7న మర్పల్లి మండలం మొగిలిగుండ్ల గ్రామ పొలాలలో పెద్ద గుండ్రని పెట్టె వంటి వాహనము దిగినది. జనము గుమికూడారు. పోలీసులు, అధికారులు వచ్చి విచారించగా, అది హేలో స్పేస్ అనే స్పెయిన్ సంస్థ ప్రయోగ నమూనా అని తెలిసినది. హైదరాబాదులోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ బెలూన్ కేంద్రం నుండి ఎగిరి, 37 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి దిగివచ్చినది. ఈ కేంద్రము 1969 నుండి పనిచేస్తున్నది. సాయంత్రపు ఎండలో తెల్లగా, కదలకుండా నిలిచినట్లు కనబడే దాని బెలూన్లు ఉపగ్రహాల కంటే ఎక్కువ తికమక పెట్టగలవు. ప్రయోగాలకు ముందు ఈ సంస్థ పత్రికా ప్రకటన ఇస్తుంది. నేలకు దిగిన పరికరాలలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉండవచ్చును కాబట్టి తాకవద్దని, పెట్టె మీద ఉన్న చిరునామాకు గాని పోలీసులకు గాని తెలియజేయవలెనని కోరుతుంది.

స్టార్‌లింక్ తరువాత

2019 మేలో స్పేస్‌ఎక్స్ సంస్థ మొదటి 60 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ఒకేసారి వదిలినది. ప్రయోగమైన తొలి రోజులలో ఇవి తక్కువ ఎత్తున, ఒకదాని వెనుక ఒకటిగా, రైలుబండి పెట్టెల వలె పోతాయి. క్రమంగా సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుకు చేరి విడిపోతాయి. ఈ వరుసను 2021 డిసెంబరులో పంజాబ్‌లోను, 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోను చూసినవారు ఆశ్చర్యపోయారు.

అమెరికా రక్షణ శాఖ 2022 జూలైలో యు.ఏ.పి.ల విచారణకు ఏరో అనే పొడి పేరు గల కార్యాలయాన్ని ఏర్పాటు చేసినది. 2024 నవంబరులో వెలువడిన దాని వార్షిక నివేదిక 757 కొత్త నివేదికలను పేర్కొన్నది. వాటిలో 444 కేవలము సమాచారము చాలక పక్కన పెట్టబడినవి, 21 మాత్రము మరింత పరిశీలనకు తగినవిగా నిర్ణయించబడినవి. స్టార్‌లింక్ వంటి ఉపగ్రహాల గుంపులుగా తేలే నివేదికలు పెరుగుతున్నవని కూడా అది చెప్పినది. ఒక విమాన చోదకుడు చూసిన మెరుపులను, అంతకు సుమారు గంట ముందు కేప్ కెనావరల్ నుండి జరిగిన స్టార్‌లింక్ ప్రయోగంతో సరిపోల్చి చూపడము అందులోని ఉదాహరణ. 444కూ 21కీ మధ్యనున్న తేడా గమనింపదగినది. మిస్టరీ అని పిలువబడేవాటిలో అధిక భాగము గడియారము చూడకపోవడము వలన మిగిలినవి.

నిర్ధారణ పద్ధతి

ఉపగ్రహం దారి గణితానికి లోబడినది. అమెరికా సైన్యము వేల సంఖ్యలో ఉపగ్రహాల, రాకెట్ భాగాల కక్ష్యా వివరాలను ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. ఫలానా ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నిమిషము ఇస్తే ఆ వేళ ఏది ఏ దిక్కున ఉన్నదో కంప్యూటరు చెబుతుంది. భారతదేశంలో శ్రీహరికోటలోని మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ ఒకేసారి పది వస్తువుల వరకు అనుసరించగలదు. అంతరిక్ష వస్తువుల పరిశీలన కోసము ఇస్రో 2020 డిసెంబరులో బెంగుళూరులోని పీణ్యలో ఒక నియంత్రణ కేంద్రాన్ని ప్రారంభించినది.

ఉల్క అయితే కొద్ది సెకండ్లలో ముగిసిపోతుంది. రాకెట్ శకలాలు నేలకు దాదాపు సమాంతరంగా, ఒక నిమిషము పైబడి, ముక్కలుగా చీలుతూ పోతాయి. ఉపగ్రహము చీలకుండా రెండు మొదలు ఆరు నిమిషాలు పోతుంది. గ్రహము గంటల తరబడి ఉండి, మరునాడు కూడా దాదాపు అదే వేళకు అక్కడే కనబడుతుంది. కనుక ఎంతసేపు కనబడినదన్న ఒక్క ప్రశ్నతోనే సగము పని పూర్తవుతుంది. ఎంత ఎత్తున, ఎంత పెద్దదిగా ఉన్నదన్న ప్రశ్నకు మాత్రము చీకటి ఆకాశంలో ఎవరి సమాధానమూ నమ్మదగినది కాదు. దూరము తెలియకుండా పరిమాణము తెలియదు, పరిమాణము తెలియకుండా దూరము తెలియదు.

దిక్కు చెప్పడానికి పల్లెలో సాధనాలు కొదువ లేవు. తూర్పు ముఖమైన గుడి ధ్వజస్తంభము చాలు. నరసరావుపేట ప్రాంతంవారికి కోటప్పకొండ, ఫిరంగిపురం ప్రాంతంవారికి కొండవీటి కొండలు కొలబద్దలు. వెలుగు ఏ కొండ కొమ్ము మీద మొదలై, ఏ చెట్టు మీద ఆరినదో రాసుకొని, మరునాడు అదే చోట నిలబడి దిక్సూచితో కోణాలు కొలవవచ్చును. ఒకే దృశ్యాన్ని గుంటూరులో ఒకరు, ఒంగోలులో ఒకరు ఈ విధంగా నమోదు చేస్తే, రెండు ఊళ్ళ మధ్య దూరము ఆధారంగా దాని ఎత్తును త్రికోణమితితో లెక్కకట్టవచ్చును. ఇది పదవ తరగతి లెక్కే.

కొన్ని కారణాలు కాలగర్భంలో కలిసిపోతాయి. 1990ల చివర నుండి దాదాపు రెండు దశాబ్దాలు ఇరిడియం ఉపగ్రహాల యాంటెన్నాలు అద్దాల వలె సూర్యకాంతిని తిప్పి, కొన్ని సెకండ్ల పాటు శుక్రుని మించిన మెరుపులను కలిగించేవి. ఆ ఉపగ్రహాలను చాలావరకు కక్ష్య నుండి దించివేశారు కాబట్టి అవి ఇప్పుడు కనబడవు. కాని పాత కక్ష్యా వివరాలు భద్రంగా ఉన్నవి. ఆ కాలంలో కల్లం దగ్గర ఎవరైనా చూసిన మెరుపును తేదీ, నిమిషము, దిక్కుతో సహా రాసిపెట్టి ఉంటే, దానిని ఈనాడు కూడా సరిచూడవచ్చును.